రుజువు కాని మందునకు వెల యేల?

జపాను దేశమున 2019వ సంవత్సరము మార్చి నెలలో అమ్మకమునకు అనుమతి పొందిన ఒక సూదిమందు 2024వ సంవత్సరమున ఆ యనుమతిని పోగొట్టుకొన్నది. దాని పేరు కొలాటజీన్. ఒసాకా విశ్వవిద్యాలయపు పరిశోధనలనుండి పుట్టిన యాంజెస్ అను సంస్థ దానిని సిద్ధపరచినది. నెత్తురు పారక ఎండిపోవుచున్న కాలిలో జన్యువు నెక్కించి క్రొత్త రక్తనాళములను మొలిపింపవలెనని దాని యుద్దేశము. అయిదేండ్లు అమ్మి చూచిన పిమ్మట, మొదటి పరీక్షలో కనబడిన గుణము మరల కనబడకపోవుటచేత, పూర్తి యనుమతికై పెట్టుకొన్న దరఖాస్తును ఆ సంస్థయే ఉపసంహరించుకొన్నది. మందు వచ్చునప్పుడు మ్రోగిన డప్పు అది పోవునప్పుడు మ్రోగదు. కావుననే ఈ సంగతి మన పట్టణములలో చర్చకు రావలసినంతగా రాలేదు.

దూరదేశపు ముచ్చట మనకేల యని పాఠకులు తలపవచ్చును. మన ప్రభుత్వము అదే 2019వ సంవత్సరమున ప్రకటించిన నూతనౌషధ నిబంధనలలో గూడ త్వరితానుమతి యను వాకిలి యొకటి యున్నది. ఆ వాకిట నిలువబోవు మందులలో జన్యుచికిత్సలు ముందువరుసలో నుండగలవు. వానిని కొనబోవువారు కాలు పోవునేమో యను భయముతో నున్న మన బంధువులు, మన యిరుగుపొరుగువారు. కావున జపానువారి అనుభవమును మనము ముందే చదివికొనుట మంచిది.

ఈ వ్యాధి యెట్టిదో చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మొదట నూరు గజములు నడచునప్పటికి పిక్క పట్టివేయును; నిలిచిన సర్దుకొనును; మరల నడచిన మరల పట్టును. చాలమంది దానిని వయసు నెప్పియని త్రోసివేయుదురు. పిమ్మట పండుకొన్నప్పుడును నొప్పి వదలదు. రాత్రి మంచము పట్టెపైనుండి కాలు క్రిందికి వ్రేలాడవేసికొనిన కొంత ఉపశమించును. ఏలయన, నెత్తురు తన బరువుచేతనైనను కొంత క్రిందికి దిగును. అట్లు కూర్చుండియే తెల్లవార్చువారిని మేమెరుగుదుము. ఆపైని బొటనవ్రేలు నల్లబడును, పుండు మానదు, కుళ్లు ప్రాకును; ప్రాణము దక్కవలెనన్న కాలు తీసివేయవలసినదని వైద్యుడు చెప్పును. కాలు పోయిన కూలివానికి కూలి పోవును. రిక్షా త్రొక్కువానికి రిక్షా పోవును. ఇంటిలో మరియొకరు పని మాని అతనికి ఊతగా నిలువవలెను.

దీనికి మూలకారణములు రెండు మన నడుమనే కాపురమున్నవి. ఒకటి మధుమేహము. భారతీయ వైద్యపరిశోధనామండలివారి సాయముతో జరిగి 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశమున మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. రెండవది పొగాకు. చిన్న వయసుననే చేతుల, కాళ్ల నాళములు మూసికొనిపోవు బుర్గర్ వ్యాధి, 1908వ సంవత్సరమున న్యూయార్కు వైద్యుడు లియో బుర్గర్ వివరించినది, పొగ త్రాగువారినే పట్టును. పొగాకు గుంటూరు సీమ పంట. పొగాకు బోర్డునకు 1976 నుండి అచ్చటనే నెలవు. బీడీలు చుట్టుట నిజామాబాదు ప్రాంతమున వేలకొలది స్త్రీల జీవనాధారము. వారి నోటి కూడును మేము మరువలేదు గాని, ఆ బీడీ త్రాగినవాని కాలును మరువజాలము.

ఇట్టి కాలికి క్రొత్త నెత్తురు దారి కల్పింపవలెనన్న యోచన వట్టి కలలోనుండి పుట్టినది కాదు. దేహమే ఆ పని చేయును. 1785వ సంవత్సరమున లండనులో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు ఒక బండివాని మోకాలి వెనుక ప్రమాదకరముగా ఉబ్బిన ధమనికి తొడయందు పైగా కట్టు కట్టెను. ప్రధానమైన దారి మూసినను ఆ కాలు చావలేదు. ప్రక్కనున్న సన్ననాళములు వెడల్పై నెత్తురును మోసికొనిపోయినవి. అంతకుముందు అతడు ఒక దుప్పి మెడలోని ధమనిని కట్టగా, చల్లబడిన కొమ్ము కొన్నాళ్లకు మరల వెచ్చనైనదని వైద్యులు ఒక కథ చెప్పుదురు. కథ యెట్లున్నను కాలు మాత్రము దక్కినది.

దేహము ఈ పనిని దేనిచేత చేయించుచున్నదో తెలియుటకు రెండువందల యేండ్లు పట్టెను. 1971వ సంవత్సరమున బోస్టనులో జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు, పుట్టకురుపు పెరుగవలెనన్న తనకు నెత్తురు తెచ్చు నాళములను తానే పిలిపించుకొనవలెనని వ్రాసెను. చాలకాలము అతని మాటను పండితులు చెవిని పెట్టలేదు. 1983వ సంవత్సరమున హెరాల్డు డ్వొరాక్ బృందమువారు నాళముల గోడలనుండి నీరు కారజేయు ఒక పదార్థమును కనిపెట్టిరి. 1989వ సంవత్సరమున కాలిఫోర్నియాలో నెపోలియోన్ ఫెరారా బృందమువారు నాళములను మొలిపించు మాంసకృత్తును వేరుచేసి, దాని జన్యువు నెరిగించిరి. తీరా చూడగా రెండును ఒకటే! వి.ఇ.జి.ఎఫ్. అని దానికి పేరు. నాళమును మొలిపించునది, దానిని కారజేయునది ఒక్కటే యన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. ముందు దాని యవసరము కలుగును.

మాంసకృత్తునే నేరుగా ఎక్కింపరాదా యన్న ప్రశ్న రావచ్చును. ఎక్కించిరి. కాని అది నెత్తురులో ఎంతోసేపు నిలువదు. నాళము మొలుచుటకు దినములు, వారములు కావలెను. కావున దానిని తయారుచేయు జన్యువును కండలోనికి పొడిచిన, ఆ కండయే కొన్ని వారములపాటు చిన్న కార్ఖానాయై అచ్చటనే దానిని పుట్టించునని తలచిరి. యుక్తి మంచిదే. 1994వ సంవత్సరమున బోస్టనులోని సెయింట్ ఎలిజబెత్స్ వైద్యశాలయందు జెఫ్రీ ఇస్నర్ అను హృదయవైద్యుడు ఇట్టి జన్యుచికిత్సను మనుష్యులపై మొదలుపెట్టెను. 1996వ సంవత్సరమున ఆయన ప్రకటించిన వ్రాతలో 71 ఏండ్ల వృద్ధురాలి కాలిలో క్రొత్త నాళములు చిత్రమునకు ఎక్కినవి. దానితోపాటు ఆమె కాలు నీరుపట్టి ఉబ్బినది. పాదముపై సాలెగూడువంటి ఎర్రని నెత్తురుమచ్చలు లేచినవి. మందు పనిచేయుచున్నదనుటకు అవి గురుతులే. అది చేయు పని మన అదుపులో లేదనుటకును అవియే గురుతులు. ఇస్నర్ దొర 2001వ సంవత్సరమున 53 ఏండ్లకే గుండెపోటుతో మరణించెను. తాను జీవితమంతయు వెదకిన మందు ఆయనకు అందలేదు.

ఇక పరీక్షల కథ. ఈ కథ తెలియనివాడు మందును కొనరాదనియే మా వాదము. కావున ఇచ్చట కొంత నిలిచి చెప్పెదము.

వైద్యశాస్త్రమున ఇట్టి చోట ఒక కఠినమైన మర్యాద యున్నది. రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు మందును, రెండవదానికి చూపులకు అట్లేయుండు మందులేని సూదిని ఇచ్చెదరు. ఎవరికి ఏది యిచ్చిరో రోగికిని తెలియదు, అతనిని పరీక్షించు వైద్యునికిని తెలియదు. ఇది మోసమువలె తోచును గాని, మోసమునకు మందు ఇదియే. ఎట్లన, 178 మంది గుండెనొప్పి రోగులకు ఆ మాంసకృత్తునే యెక్కించిన పరీక్ష యొకటి 2003వ సంవత్సరమున ప్రకటింపబడినది. అరువది దినముల తరువాత నడకయంత్రముపై రోగులు నిలువగలిగిన కాలము పెరిగినది. మందు పొందినవారికి పెరిగినది సుమారు 30 సెకండ్లు. మందులేని సూది పొందినవారికి 48 సెకండ్లు! ఈ తేడా లెక్కకు రాదగినది కాదందురు గాని, తేటపడిన సత్యము మాత్రమొకటి యున్నది. పెద్ద వైద్యశాల, క్రొత్త చికిత్స, దినదినము పలుకరించు వైద్యులు: ఇవన్నియు గూడినప్పుడు మందు లేకయే మనిషి కొంత ఎక్కువ నడచును. రెండవ గుంపే లేకున్నచో, ఆ 30 సెకండ్లను జూపి మందు పనిచేసినదని ఊరూర చాటింపు వేసెడివారు.

గుండె సంగతి విడిచి కాలికి వత్తము. నాళములను పెంచు మరియొక జన్యువును యూరపులో 125 మందిపై పరీక్షింపగా, కాళ్లు తీసివేయవలసిన యవసరము ఇంచుమించు సగమునకు తగ్గినట్లు 2008వ సంవత్సరమున వెల్లడియైనది. ఎవరికి సంతోషము కలుగదు? పుండ్లు మానుటలో మాత్రము రెండు గుంపులకును పెద్ద భేదము లేదు. ఆ మాటను అప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ. ఆ పరిశోధకులును, మందు చేసినవారును, వారిని మేము మెచ్చుకొందుము, అంతటితో అమ్మబూనలేదు. అదే మందును 30 దేశములలో 525 మందిపై మరల పరీక్షించిరి. 2011వ సంవత్సరమున ఫలితము వచ్చినది. ఏడాదిలోపల కాలుగాని ప్రాణముగాని పోయినవారు మందులేని గుంపులో నూటికి 33 మంది. మందు గుంపులో నూటికి 36 మంది. చిన్న పరీక్షలో కనబడిన సగము తగ్గుదల పెద్ద పరీక్షలో ఆవిరియైపోయినది.

ఇందు మాయ యేమియు లేదు. నూరుమందిలో ఇద్దరు ముగ్గురు ఇటునుండి అటు మారినను లెక్క తారుమారగును. దరిద్రుని యింట ఒక రోజు పండుగ వలె, చిన్న పరీక్షలో ఒక్కొక్కసారి అదృష్టమే గుణముగా కనబడును.

ఇప్పుడు జపానువారి మందును ఈ వెలుగులో చూడుడు. దాని యనుమతికి ఆధారమైన వానిలో ముఖ్యమైన పరీక్షయందు లెక్కకు వచ్చినవారు 40 మంది. మందు పొందిన 27 మందిలో 19 మందికి నొప్పియో పుండో తగ్గుముఖము పట్టినది. మందు పొందని 13 మందిలో 4 మందికి పట్టినది. నూటికి 70, నూటికి 31 అని వ్రాసినచో కన్నులు చెదరును. 13 మంది యని వ్రాసినచో తల గోకికొందుము. రెండును ఒకే లెక్క.

ఇంత స్వల్పమైన ఆధారముపై అనుమతి యెట్లు వచ్చినది? 2014వ సంవత్సరమున అమలునకు వచ్చిన జపాను చట్టమొకటి, కణములతోను జన్యువులతోను చేయు మందులకు ప్రత్యేకమైన దారి వేసినది. మందువలన హాని లేదని తేలి, గుణముండవచ్చునని ఊహింప వీలైనచో, ఏడేండ్లకు మించని గడువుతో అమ్ముకొనవచ్చును; ఆ గడువులోపల గుణమును రుజువు చేయవలెను. వినుటకు న్యాయముగనే యున్నది. కాని ఆ గడువులో ఏమి జరుగును? మందు అంగడిలో దొరకుచుండగా, మందులేని సూది పడవచ్చునని తెలిసి తెలిసి చీటీ వేయించుకొను రోగి యెవ్వడు? కాలు కుళ్లుచున్నవాడు కొనియే తీరును. కావున అసలైన పోలిక జరుగదు. జరిగినను వైద్యునికిని రోగికిని ఎవరిది మందో తెలిసియే జరుగును. అమ్మకము రుజువునకు త్రోవ కాదు; రుజువునకు అడ్డుకట్ట. ఇది మేము ఊహించి చెప్పుట లేదు. అదే చట్టముక్రింద 2015వ సంవత్సరమున అనుమతి పొందిన గుండెకు వేయు కణపు పొర కూడ 2024వ సంవత్సరముననే అనుమతి కోల్పోయినది. ఒక్క ఏడాదిలో రెండు మందులు!

ఆ జన్యుమందు ధర ఒక్క మోతాదునకు సుమారు 6 లక్షల యెన్లుగా నిర్ణయింపబడినది. జపానులో అందరకును ఆరోగ్యభీమా యున్నది గావున దానిలో ఎక్కువభాగము ప్రజలందరి నిధిపై పడినది. మనదేశమున అట్టి మందునకు వెల కట్టవలసివచ్చినచో అది పుస్తెలమీదను, అర యెకరముమీదను పడును. రుజువు కాని మందును పరీక్షించుట సంస్థ పని. దాని ఖర్చును రోగిచేత కట్టించుట మాత్రము ధర్మము కాదు. రైతు క్రొత్త విత్తనమును పరీక్షింపవలెనన్న, ఆ విత్తనము వెలతోపాటు పంట నష్టమును గూడ అతనిపైననే వేయుదుమా?

రష్యాలో 2011వ సంవత్సరమున వి.ఇ.జి.ఎఫ్. జన్యువుతో చేసిన నియోవాస్కుల్జెన్ అను మందును అమ్మకమునకు అనుమతించిరి. దాని ముఖ్యపరీక్షలోని వారు నూరుమంది. ఎవరికి మందు వేసిరో అందరకును తెలియును. వైద్యుల కాలమానముచే నొప్పి లేక నడచు దూరము పెరిగినదన్నారు. పెరిగియుండవచ్చును. మందులేని సూదితో నడచిన 48 సెకండ్లను ఎరిగినవారికి ఆ మాట చాలదు.

మందు ఏల విఫలమైనది? మా పాఠకులలో కృష్ణా గోదావరి డెల్టాల వారికి ఇది పుస్తకము లేకయే అర్థమగును. పెద్దకాలువ పూడి నీరు రాక చేను ఎండుచున్నదనుకొనుడు. చేలో ఎన్ని బోదెలు త్రవ్వినను ఏమి లాభము? పైనుండి నీరు దిగవలెను గదా! వి.ఇ.జి.ఎఫ్. మొలిపించునవి ఎక్కువగా వెంట్రుకలవంటి సన్ననాళములు, అనగా బోదెలు. హంటర్ రోగి కాలిని నిలిపినవి బోదెలు కావు, ప్రక్కకాలువలు: ముందే యున్న చిన్నధమనులు, పెరిగిన ప్రవాహపు ఒరిపిడివలన వెడల్పై, గోడ దళసరియైనవి. ఆ పని ఒక్క పదార్థముతో కాదు. గోడకు కండకణములు రావలెను, చుట్టు కట్టుబాటు ఏర్పడవలెను, అన్నియు సకాలమున సరియైన వరుసలో జరుగవలెను. గోడ కట్టకముందే నీరు విడిచిన కాలువ గట్టు కారును. ఆ వృద్ధురాలి కాలి వాపునకు కారణమదియే. పైగా, పరీక్షకు వాడిన ఎలుకలు, కుందేళ్లు వయసులో నున్నవి, ఆరోగ్యము గలవి. వాని కాలి ధమనిని నాడే కట్టి నాడే మందు వేసిరి. మన రోగికి వయసు అరువదియో డెబ్బదియో. నలువది యేండ్ల బీడీ, ఇరువది యేండ్ల మధుమేహము. నాళము మొలుచు శక్తియే అతనియందు సన్నగిల్లియున్నది. కండలో పొడిచిన జన్యువు కూడ మిక్కిలి కొద్దిభాగమే కణములలోనికి ప్రవేశించును.

ఇంకొక విచిత్రమును చెప్పకుండ ఉండలేము. ఆ మధుమేహరోగి కాలికి ఏ పదార్థము చాలకున్నదో, అతని కంటిలో అదే పదార్థము మితిమీరి, రెటీనాపై పనికిరాని నాళములను మొలిపించి, నెత్తురు కారజేసి చూపు తీయుచున్నది. దానిని అణచుటకు కంటివైద్యులు కంటిలోనికే సూదిమందు నెక్కించుచున్నారు. 2004వ సంవత్సరమున అమెరికాలో పెద్దప్రేగు పుట్టకురుపునకు అనుమతి పొందిన బెవాసిజుమాబ్ కూడ వి.ఇ.జి.ఎఫ్.ను అణచునదే. అనగా ఒకే మనిషికి కాలిలో పెంపు, కంటిలో అణపు! అట్టి పదార్థమును దేహములోనికి పంపువారు ఎంత మెలకువతో నుండవలెనో వేరుగా చెప్పనేల? పరీక్షలలో ఈ మందువలన పుట్టకురుపులు పెరిగినట్లు రుజువు కాలేదన్న మాటను న్యాయముకొరకు చెప్పవలసియున్నది.

మేము జన్యుచికిత్సకు విరోధులము కాము. ఇతర వ్యాధులలో అది సాధించిన విజయములు చిన్నవి కావు. అయితే ఆ విజయములకు చెల్లించిన వెలయు చిన్నది కాదు. 1999వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున కాలేయవ్యాధి పరీక్షకు తనంతట తాను వచ్చిన 18 ఏండ్ల యువకుడు, జన్యువును మోయు వైరసు రేపిన దేహప్రకోపముచే నాలుగు దినములలో మరణించెను. ఆ మరణము తరువాతనే అచ్చటి అధికారులు అన్ని జన్యుపరీక్షలపైనను కన్ను తెరచిరి. మనదేశమున జన్యుచికిత్సకు మార్గదర్శకసూత్రములను భారతీయ వైద్యపరిశోధనామండలి 2019వ సంవత్సరమున ప్రకటించినది. మరణమునకు ముందే కన్ను తెరచుటకు మనకు అవకాశమున్నది. రక్తనాళములను మొలిపించు విద్యను మన ప్రయోగశాలలు అభ్యసింపవలెనని మేము మనసార కోరుచున్నాము. ఒక్క పదార్థముతో కానిది రెండింటితో కావచ్చును. కండలో పొడిచినది నిలువనిచో వేరు వాహనముపై నిలువవచ్చును. ఈ పరిశోధన మనదేశమున జరుగుట మనకు గర్వకారణము. అయితే ‘ప్రపంచమున ప్రథమము’ అను బిరుదుకై తొందరపడి, రుజువునకు ముందే అంగడి తెరచినచో ఆ గర్వము నిలువదు. 2016వ సంవత్సరమున బుర్గర్ వ్యాధికి ఎముకమజ్జ కణముల మందునకు మన అధికారులు పరిమితమైన అనుమతి నిచ్చిరి. అది కణముల మందు, జన్యువు కాదు. దాని గుణదోషములను ఇచ్చట విచారింపము. కాని పరిమితానుమతి యను పద్ధతి మన దేశమునకు ఎప్పుడో వచ్చియే యున్నదని పాఠకులు గ్రహింపవలెను.

మాకు కొందరు మిత్రులు గట్టిగా ఎదురు చెప్పిరి. “కాలు తీసివేయుదురని తెలిసిన మనిషికి మీ 525 మంది లెక్క ఏమి ఊరట? అతని కాలు అతనిది. ఒకసారి వేసి చూచుకొననిండు. కాదనుటకు మీరెవరు?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయువాడు ఆ రోగి మంచము ప్రక్కన కూర్చుండియుండడు. మునిగిపోవువాడు గడ్డిపోచను పట్టుకొనునని మేమును ఎరుగుదుము. పట్టుకొనవలదని మేము చెప్పుట లేదు. గడ్డిపోచను త్రాడువెలకు అమ్మరాదని చెప్పుచున్నాము. అట్టి రోగికి మందును ఉచితముగా ఇయ్యవలెను; పరీక్షలో చేర్చుకొని ఇయ్యవలెను; హాని కలిగినచో వైద్యమును పరిహారమును సంస్థయే భరింపవలెను. 2019 నాటి మన నిబంధనలలో పరీక్షాకాలపు హానికి వైద్యమును పరిహారమును చెప్పియేయున్నారు. అమ్మకపు రసీదు పుట్టిన మరుక్షణమే రోగి పరీక్షలోనివాడు కాక కొనుగోలుదారుడగును. అతనికి ఆ రక్షణ తప్పిపోవును. కాలు పోవుచున్నవాని తొందరను సాకుగా జూపి అతని రక్షణనే తీసివేయుట దయ యెట్లగును?

కొలబద్దను గూర్చి యొక మాట. క్రొత్త నాళములు చిత్రములో కనబడినవనుట రుజువు కాదు. పాదములో వేడి పెరిగినదనుట రుజువు కాదు. నొప్పి తగ్గినదని రోగి చెప్పుట విలువైన మాటయే గాని, ఎవరికి మందో తెలియనప్పుడు చెప్పినదైననే రుజువు. ఏడాదికి కాలు ఉన్నదా, లేదా? మనిషి ఉన్నాడా, లేడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని మందునకు అనుమతి ఇయ్యరాదు.

జన్యువు వచ్చునంతవరకు కాళ్లు ఏమి కావలెనని అడుగువారికి, ఇప్పటికే రుజువైన పనులు కొన్ని యున్నవి. అవి పత్రికల మొదటిపుటకు ఎక్కవు. బుర్గర్ రోగి పొగను పూర్తిగా మానినచో, కుళ్లు పట్టకముందే మానినచో, అతని కాలు చాలవరకు దక్కును. రోజుకు రెండు బీడీలే యనినను దక్కదు. పిక్కనొప్పి రోగిని ఒకరు దగ్గరనుండి క్రమము తప్పక నడిపించినచో నడక దూరము పెరుగును. ఇది మందులేని సూదితో పోల్చి నవ్వదగిన 30 సెకండ్ల ముచ్చట కాదు. ఇక శస్త్రచికిత్స యున్నది. పూడిన ధమనిని దాటించి రోగి కాలినుండియే తీసిన సిరతో ప్రక్కదారి కట్టు పాతపద్ధతిని, తీగతో లోపలినుండి దారి తెరచు క్రొత్తపద్ధతిని పోల్చిన అమెరికా పరీక్ష 2022వ సంవత్సరమున వెలువడినది. మంచి సిర దొరకిన 1,434 మందిలో, కాలికి పెద్ద ముప్పుగాని మరణముగాని పాతపద్ధతివారిలో నూటికి సుమారు 43 మందికి, క్రొత్తపద్ధతివారిలో నూటికి 57 మందికి కలిగినది. మన కాలిలోని సిరయే మనకు ఇంతవరకు దొరకిన మేలైన క్రొత్త రక్తనాళము! కాని ఆ పని చేయగల రక్తనాళ శస్త్రవైద్యుడు ఎన్ని జిల్లాకేంద్రములలో నున్నాడు? పుండుపడిన మధుమేహరోగి పాదమును విప్పి చూచి, నాడి యున్నదో లేదో వ్రేలితో తాకి చూచు వాడుక ఎన్ని ఆసుపత్రులలో నున్నది? దానికి జన్యువు అక్కరలేదు. రెండు నిమిషముల తీరిక, ఒక బల్ల, మనిషిని కూర్చుండుమని చెప్పు మర్యాద కావలెను.

శాసనసభ్యులకు, ఔషధాధికారులకు మా మనవి స్పష్టముగా చెప్పెదము. నాళములను మొలిపించు జన్యువుల విషయమున త్వరితానుమతి వాకిలిని మూసియుంచుడు. పరీక్షల వాకిలిని బారుగా తెరువుడు. ప్రభుత్వ ప్రయోగశాలలకు సొమ్మిండు. గెలిచిన పరీక్షనువలెనే ఓడిన పరీక్షను గూడ ప్రకటింపవలెనని శాసింపుడు. పరీక్షలో చేరు రోగిచేత వ్రాలు చేయించుకొను సమ్మతిపత్రము తెలుగుసీమలో తెలుగుననే యుండవలెను. మందు ఉచితమని, మందులేని సూది పడవచ్చునని, 2011వ సంవత్సరమున 525 మందికి ఏమి జరిగినదో, 2024వ సంవత్సరమున జపానులో ఏమి జరిగినదో అందు పెద్ద అక్షరములతో నుండవలెను. చదువరాని రోగికి అతని యింటివారి యెదుట దానిని బిగ్గరగా చదివి వినిపించిన పిమ్మటనే వ్రేలిముద్ర వేయించుకొనవలెను.